అయిదో చక్రానికి బొట్టు

గోల్ ఘర్, పోర్ట్ బ్లెయిర్
9 అక్టోబర్ 2005

సుందరక్కకు,

ఈ ఉత్తరం బస్సు డ్రైవర్ జోగులు చేతికిచ్చి పంపుతున్నాను. ఫోను బూత్‌లో నిలబడి ఊరంతా వినేలా అరవడం నాకు చేతకాదని నీకు తెలుసు.

అక్కా, ఒక వింత చెప్పాలి. మన కారు టైర్లు అరిగిపోయాయి. అరగడం వింతేమిటంటావు. ఇన్నాళ్లూ అరగకపోవడం వింత! మద్రాసు నుంచి వచ్చిన ఓడలోంచి క్రేను దించిన రోజు ఏ టైర్లతో నేల మీద నిలబడిందో, ఈ రోజుకీ అవే కంపెనీ టైర్లు. ఒక్క పంక్చర్ లేదు. పోయిన డిసెంబర్లో భూమి ఊగిపోయిన రోజున కూడా వాటిలో గాలి ఇంత కూడా తగ్గలేదు. నేను షాపుకొచ్చిన ప్రతివాడికీ ఈ సంగతి చెబుతానని మధులత నవ్వుతుంది. పెళ్లాం మీద లేని మురిపెం టైర్ల మీదనా అంటుంది.

మొన్న జంగ్లీఘాట్‌లో టైర్లు మార్చే సూరయ్య వంగి చేత్తో తడిమి, "నాగబాబు భయ్యా, యే టైర్ హై యా బోడిగుండు? దీంతో ఘాట్ రోడ్డెక్కితే సీదా పైకే పోతావు" అన్నాడు. ఎక్కక తప్పదు. అమ్మ డిగ్లీపూర్ తీసుకెళ్లమని ఒకటే గొడవ. నిన్ను చూడ్డానికని మురిసిపోకు. మీ దగ్గర నేల పైకి లేచి, సముద్రం వెనక్కి పోయి మళ్లీ రాలేదట కదా, అది చూడాలట. ఇక్కడ నేల దిగిపోయింది. ఒకే భూమి తక్కెడలా ఇటు దిగి అటు లేవడమేమిటని అమ్మ రోజూ ఆశ్చర్యపోతుంది. నేనూ ఆశ్చర్యపోతాను. మనిద్దరం ఒకేలా పుట్టాంరా అంటుంది.

సరే, అసలు విషయం. టైర్లు మార్చేముందు స్టెప్నీ చూద్దాం, అది కొత్తగానే ఉంటుంది కదా అన్నాడు సూరయ్య. మన డిక్కీ నిండా ఎప్పుడూ నా షాపు రంగు డబ్బాలే. అవన్నీ దించి అడుగున రేకు తీస్తే స్టెప్నీ లేదు. ఖాళీ గుంట! ఇన్నాళ్లూ పంక్చర్ కాలేదు కాబట్టి నేను చూసిందీ లేదు.

అమ్మ గుండె పట్టుకుని కూర్చుంది. కారొచ్చిన రోజు గుర్తుందా? నిమ్మకాయలు తొక్కించి చక్రాలకి బొట్టు పెడితే వాన కడిగేసింది. మళ్లీ పెట్టింది, మళ్లీ వాన. మూడోసారికి కోపమొచ్చి షాపులోంచి ఎర్ర ఎనామిల్ డబ్బా తెప్పించి, నాలుగు చక్రాల ఇనప రిమ్ముల మీదా మూడేసి చుక్కలు పెట్టేసింది. ఇప్పుడు కడగమను చూద్దాం అని ఆకాశంవైపు చూసింది. డిక్కీ తెరిపించి స్టెప్నీకీ పెట్టింది. అది కూర్చుని తింటుందని బొట్టు మానేస్తామా అంది. సునామీ నీళ్లొచ్చిన రోజు కారుకి గీత కూడా పడకపోవడం ఆ అయిదు బొట్ల మహిమే అని ఆవిడ నమ్మకం.

పోయిన డిసెంబర్లో పంపు సామాన్ల కోసం వచ్చినప్పుడు బావ కారు వాడాడు కదా. ఒకసారి అడుగు. అత్తగారి సొమ్ము తిన్నా ఫరవాలేదు, అత్తగారి బొట్టు పెట్టిన చక్రం తినడం మాత్రం జీర్ణం కాదని చెప్పు.

నీ తమ్ముడు
నాగబాబు


డిగ్లీపూర్
22 అక్టోబర్ 2005

ఒరే నాగూ,

నీ ఉత్తరం అందింది. అందకపోయినా బాగుండేది.

అమ్మని తీసుకురా. ఏరియల్ బే జెట్టీ స్తంభాలకి నత్తలూ ఆలుచిప్పలూ నా నెత్తికంటే ఎత్తులో ఎండిపోయి ఉన్నాయి. ఒకప్పుడు అవన్నీ నీళ్ల కింద బతికినవే. పగడాల దిబ్బలు బయటపడి, మొదట్లో కుళ్లు వాసన కొట్టి, ఇప్పుడు తెల్లగా ఎముకల్లా ఉన్నాయి. సముద్రం అడుగు మీద నేను చెప్పుల్తో నడిచాన్రా. అక్కడ అడుగు పెట్టడానికి మనకి హక్కుందా అనిపించింది. అమ్మకి చూపించాలి.

నువ్వు అడగమన్నది అడిగాను. ఆయన అన్నం తింటున్నారు. "స్టెప్నీ ఏదని నాగూ రాశాడు" అన్నాను, అంతే. చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. లేచి, చెయ్యి కడుక్కుని, వక్కతోటలోకి వెళ్లిపోయారు. ఇప్పటికీ దాని గురించి మాట లేదు.

పోయిన డిసెంబర్లో పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చిన మనిషి ఆ మనిషి కాదు. నీతో ఎప్పుడూ చెప్పలేదు. చేప ముట్టడు. ఏరియల్ బే వైపు వెళ్లడు. చంటిపిల్లల్ని ఎత్తుకున్న ఆడమనిషి ఎదురైతే తల తిప్పుకుంటాడు. అందరూ నీళ్లు చూశారు, అందరూ కోలుకుంటున్నారు, ఈయనకేమైందో నాకు తెలియదు. అలాంటి మనిషిని నువ్వు చక్రం తిన్నావా అని అడుగుతావు. నువ్వు తమాషాకే రాశావు. ఈ ఇంట్లో తమాషా పుట్టి చాలా రోజులైంది.

మా ఇంటి పరువు నీ డిక్కీలో పెట్టుకోకు. కొత్త స్టెప్నీ మేమే కొనిస్తాం. అమ్మకి దండాలు. మధులతని అడిగినట్టు చెప్పు.

సుందరి


గోల్ ఘర్
5 నవంబర్ 2005

సుందరక్కకు, కోపం ఇంకా దిగకపోతే ఈ ఉత్తరం కాసేపు గూట్లో పెట్టి తర్వాత చదువు.

నీ జవాబు అమ్మకి చదివి వినిపించడం నా తప్పు. ఒక పూట కూర లేదు నాకు. అల్లుణ్ణి అన్నావా, నా అల్లుణ్ణి, అని గిన్నెలు విసురుతూ తిట్టింది. బావ ఒంట్లో బాగుండకపోతే ఇక్కడికి తీసుకురావచ్చు కదా, పెద్దాసుపత్రి మనకి దగ్గరే. అది మానేసి కొత్త స్టెప్నీ కొనిస్తాననడమేమిటి? నేనంత పరాయివాణ్ణయ్యానా?

టైర్లు ఇంకా మార్చలేదు. అయిదింటినీ కలిపి దీవించాను, అయిదూ కనిపించాకే చెయ్యి వెయ్యండి అని అమ్మ పట్టు.

కానీ అక్కా, స్టెప్నీ దొరికింది! సిప్పీఘాట్‌లో.

సిప్పీఘాట్ నువ్వు చూసి చాలా రోజులైంది. మనం బస్సు కిటికీలోంచి చూసిన వరిచేలు లేవు. పోటు వస్తే సముద్రం చేలల్లోకి వచ్చి, పాటుకి కూడా పూర్తిగా పోదు. కొబ్బరిచెట్లు నీళ్లలో నిలబడి మోడులైపోయాయి. గట్ల మీద చేపలు తిరుగుతున్నాయి. పోటు పెద్దదైతే రోడ్డే మునుగుతుంది, బస్సు ఆగి నీళ్లు పోయేదాకా ఎదురుచూస్తుంది. అందరూ అలవాటుపడ్డారు. నేను పడలేదు. చూసిన ప్రతిసారీ నోరు తెరుచుకుంటుంది.

అక్కడ గవర్నమెంటు కట్టిచ్చిన రేకుల షెడ్లలో ఒక బెంగాలీ ఆవిడ దేవుడి పటాల పక్కన కారు చక్రం పెట్టుకుని దీపం వెలిగిస్తుందట. సూరయ్య పాత టైర్ల కోసం తిరుగుతూ చూశాడు. రిమ్ము మీద ఎర్రగా మూడు చుక్కలు! అమ్ముతావా దీదీ అంటే చీపురు తీసిందట.

ఇప్పుడు నాకర్థమైంది. బావ జాలిపడి ఎవరికో ఇచ్చేసి ఉంటాడు, మాకు చెప్పడానికి మొహమాటపడ్డాడు. దానికింత ఇదెందుకు? ఈ వానలు తగ్గాక వెళ్లి, నాలుగు మంచి మాటలు చెప్పి, దానికి బదులు ఏదైనా ఇచ్చి, మన చక్రం తెచ్చేసుకుంటాను. అమ్మ పట్టూ తీరుతుంది, బావ మొహమాటమూ తీరుతుంది.

నాగూ


డిగ్లీపూర్
14 నవంబర్ 2005

నాగూ,

వెళ్లకు. ఆ చక్రం తేకు. వెళ్లినా చూసి రా, అంతే. ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

మీ బావ ఇక్కడ పుట్టి హిందీ బడిలో చదివాడు కదా, తెలుగు మాట్లాడతాడే గాని చదవలేడు. నీ ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తాను. ఈసారి వినిపించకూడదనుకున్నాను. కానీ నువ్వు దొరికింది అని రాశావు కదా, నింద తీరిపోయిందని చెప్పాలని వాకిట్లో కూర్చోబెట్టి చదివాను. బెంగాలీ ఆవిడ దీపం పెడుతుందన్న చోట నా చెయ్యి పట్టుకున్నారు.

"ఫిర్ సే చదువు. పిల్ల ఉందని రాశాడా?"

"పిల్ల సంగతి రాయలేదు."

"సరిగ్గా చూడు. బచ్చీ అని ఎక్కడైనా రాశాడా?"

లేదన్నాను. అప్పుడు చెప్పారు, నాగూ. ఏడాదిగా నా పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి లోపల ఇంత ఉందని నాకు తెలియదు.

నీళ్లొచ్చిన ఆ ఆదివారం పొద్దున్నే వక్క మొక్కల కోసం మన కారు తీసుకుని సిప్పీఘాట్ వెళ్లారట. భూమి కదిలాక కారు ఆపి, రోడ్డు మీద అందరితో పాటు నిలబడ్డారు. కాసేపటికి చేలల్లోకి నీళ్లొచ్చాయి. అల కాదట. పాలు పొంగినట్టు, చప్పుడు లేకుండా, ఎక్కడ చూస్తే అక్కడ పొంగిందట. భయపడాలని కూడా తోచలేదు, చూస్తూ ఉండిపోయాను అన్నారు. అప్పుడు చేలల్లో ఒక ఆడమనిషి కనిపించింది. ఒక చంకలో చంటిపిల్ల, రెండో చేత్తో విరిగిన కొబ్బరిమట్ట. నీళ్లు ఆవిణ్ణి లాక్కుపోతున్నాయి.

మీ బావకి ఈత రాదు. దీవుల్లో పుట్టి ఈత రాని మగాడు ఈయనొక్కడేనని మనం ఎంత నవ్వామురా!

"తాడు లేదు సుందరీ. కుఛ్ భీ నహీ థా. మొక్కలకని నాగూ రంగు డబ్బాలు ఇంటి దగ్గరే దించేశాను, డిక్కీలో స్టెప్నీ ఒక్కటే ఉంది. గాలితో ఉంది కదా తేలుతుందని తీసి విసిరేశాను. తేలింది. ఆవిడ వైపే వెళ్లింది. అంతలో నీళ్లు వెనక్కి తిరిగాయి. ఆవిణ్ణీ చక్రాన్నీ మడచెట్ల వెనక్కి తీసుకుపోయాయి. రోడ్డు వెంట పరిగెత్తాను, మలుపు తిరిగాక ఇంక ఏమీ లేదు."

మంచిపనే కదా చేశారు అన్నాను. నా మొహంలోకి చూశారు.

"చక్రం పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. ఆవిడకి ఒక చేతిలో పిల్ల ఉంది. నేను విసిరినదాని కోసం పిల్లని వదిలేసిందేమో. విసరకపోతే ఆ మట్ట పట్టుకునే ఉండేదేమో."

అదిరా ఆయన మోస్తున్నది. ఆవిడ బతికిందని ఇప్పుడు తెలిసింది. అందుకే ఇంకా ఎక్కువ భయపడుతున్నారు. బతికిన మనిషిని వెళ్లి చూస్తే, పిల్ల లేకపోతే?

నువ్వు వెళ్లు నాగూ. చక్రం మాట ఎత్తకు. పిల్ల ఉందా లేదా, అదొక్కటే చూసి రాయి. ఆయన రోజూ జోగులు బస్సు వచ్చే వేళకి బజార్లో నిలబడుతున్నారు.

అక్క


గోల్ ఘర్
27 నవంబర్ 2005

అక్కా,

ఉంది! పిల్ల ఉంది! ముందు ఇది బావకి చదువు, మిగతాది తర్వాత.

నీ ఉత్తరం రాగానే షాపు మధులతకి వదిలేసి బస్సెక్కాను. షెడ్డు దగ్గర దిగేసరికి వాకిట్లో ఒక చిన్నపిల్ల కొబ్బరిచిప్పతో మట్టి తవ్వుతోంది. నడవడమేమిటి, పరిగెడుతోంది. నన్ను చూసి లోపలికి పారిపోయింది. ఆ తల్లి పేరు మాలతి, పిల్ల పేరు టుంపా. ఆ పిల్ల ఈవిడ పిల్లేనా, చుట్టాల పిల్లా అని అడగడానికి నాకు నోరు రాలేదు. నీళ్లు అడిగాను. తాగుతూ, ఆ చక్రమేమిటి దీదీ అన్నాను. ఆవిడే కూర్చోబెట్టి చెప్పింది.

నీళ్లలో ఆవిడకి మట్ట జారిపోతోందట. పిల్ల బరువుకి చెయ్యి పడిపోతోందట. అప్పుడు ఇది తేలుకుంటూ వచ్చింది. రిమ్ము లోతుగా ఉంటుంది కదా, కంచంలో పెట్టినట్టు పిల్లని అందులో బోర్లా పడుకోబెట్టింది. ఒక చెయ్యి పిల్ల వీపు మీద, ఒక చెయ్యి టైరు మీద. ఆవిడ వాగు ఒడ్డున పుట్టిన మనిషి, కాళ్లతో ఈదింది. మడచెట్ల వేళ్లలో ఇరుక్కుని, నీళ్లు తీసేదాకా అక్కడే ఉన్నారట. పిల్ల నిద్రపోయిందట, అక్కా. ఆ నీళ్లలో, ఆ చక్రంలో, నిద్రపోయింది!

బావకి చెప్పు, రెండు చేతులూ సరిపోయాయని.

విసిరిన మనిషిని ఆవిడ చూడలేదు. రోడ్డు వైపు చూసే స్థితిలో లేదు. "సముందర్ నే దియా భయ్యా" అంది. సముద్రం నా ఇల్లు తీసుకుంది, ఆవుని తీసుకుంది, దీన్ని ఇచ్చింది అంది. మామూలు చక్రం కాదు, చూడు, బొట్టు పెట్టుకుని వచ్చింది అంది.

పటాల పక్కన శుభ్రంగా కడిగి పెట్టింది. టైరు మీద కొత్త రబ్బరు నూగు ఇంకా పోలేదు. అమ్మ పెట్టిన మూడు చుక్కలూ చెక్కుచెదరలేదు. అవి మా అమ్మ పెట్టిన బొట్లమ్మా అని నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. నేనెప్పుడూ గుళ్లో కూడా అంతసేపు నోరు మూసుకుని నిలబడలేదు.

ఐదేళ్లు ఆ టైర్లకి పంక్చర్ కాలేదని ఊరంతా చెప్పుకున్నాను చూడు. అసలు పనిచేసింది నేల మీద ఒక్క అడుగు కూడా తిరగనిది. అమ్మకి చెబితే, ఎనామిల్ మంచిదేరా అంది.

బావని పంపు. వచ్చి కళ్లారా చూసుకోమను.

నాగూ


గోల్ ఘర్
18 డిసెంబర్ 2005

అక్కా,

రేపు పొద్దున్న బస్సుకి బావ బయల్దేరుతున్నాడు. ఆయన నీకు నాలుగు ముక్కల్లో తేల్చేస్తాడని నాకు తెలుసు, అందుకే ఇది ఆయన జేబులోనే పెట్టి పంపుతున్నాను. ఆయనకి చదివి వినిపించు.

ఆ బోడి టైర్లతో బావని సిప్పీఘాట్ తీసుకెళ్లే ధైర్యం లేక, ముందు సూరయ్య దగ్గర ఆపాను. అయిదోది ఎక్కడుందో తెలిసింది కదా, ఇంక అమ్మ అడ్డుచెప్పలేదు. రిమ్ములు మనవే, వాటి మీది చుక్కలూ అలాగే ఉన్నాయి. పాత టైర్లు మాత్రం ఊడదీసి కొత్తవి తొడిగాడు. బావ పక్కన నిలబడి ఊడదీసిన ఒక్కొక్క టైరునీ ముట్టుకున్నాడు. వాటిని జంగ్లీఘాట్ చేపలవాళ్లు డింగీ పడవలకి కట్టుకుంటారట, ఒడ్డుకి గుద్దుకోకుండా. బావ సంతోషించాడు. ఇవి కూడా నీళ్లలోకే పోతాయన్నమాట అన్నాడు.

సిప్పీఘాట్ చేరేసరికి పోటు తీస్తోంది. రోడ్డంతా బురద. కారు ఆపాక బావ చాలాసేపు దిగలేదు. నేను తొందరపెట్టలేదు. చివరికి తనే తలుపు తీశాడు.

టుంపా ఈసారి పారిపోలేదు, మొన్న నేను తీసుకెళ్లిన బిస్కెట్లు గుర్తున్నాయి. తిన్నగా వచ్చి బావ లుంగీ పట్టుకుంది. అక్కా, ఆ మనిషి నిలబడ్డవాడు నిలబడ్డట్టే కింద కూర్చుండిపోయాడు. పిల్ల చేతులు రెండూ పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటీ విప్పి చూశాడు. పురిటిబిడ్డని చూసినట్టు చూశాడు.

మాలతి తెలివైంది. మొన్న నేను చక్రాన్ని అంతసేపు ఎందుకు చూశానో అనుకుంటూనే ఉందట. "భయ్యా, నిజం చెప్పండి. ఇది మీదా? మీదైతే తీసుకెళ్లండి. ఒకరి సొమ్ము పెట్టుకుని దీపం పెట్టకూడదు" అని, రెండు చేతులతో ఎత్తి తెచ్చి బావ ముందు పెట్టింది.

బావ ఆ మూడు చుక్కల వైపు చూశాడు. ఆ చుక్కలు పెట్టిన రోజున డబ్బా పట్టుకుని నిలబడ్డది ఆయనే.

"హమారా నహీ హై దీదీ," అన్నాడు. "మాదానికి బొట్లు లేవు. ఇది నీకొచ్చింది, నీదే."

ఆవిడ దాన్ని మళ్లీ పటాల దగ్గర పెట్టుకుంది. మమ్మల్ని సాగనంపడానికి పిల్లనెత్తుకుని కారు దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ముందు చక్రం మీద బురద పట్టి ఉంది, అందులోంచి ఒక ఎర్ర చుక్క కనిపిస్తోంది. ఆవిడ వంగింది. కొంగుతో బురద తుడిచింది. మూడు చుక్కలూ బయటపడ్డాయి.

ఆవిడ ఏమీ అడగలేదు. బావ వైపు చూసింది, బావ ఆవిడ వైపు చూశాడు. తర్వాత పిల్ల చెయ్యి పట్టుకుని ఆ చుక్కల మీద ఆనించి, వెనక్కి జరిగి దండం పెట్టింది. కారుకో, బావకో నాకు తెలీదు. నేనూ ఎందుకో చేతులు జోడించాను.

దార్లో బావ ఏడ్చాడు. ఏడవనిచ్చాను. జంగ్లీఘాట్ దగ్గర కళ్లు తుడుచుకుని, "నాగూ, చేపలు కొను. సుర్మయి దొరికితే చూడు" అన్నాడు. మధులత పులుసు పెట్టింది. రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఇంక మిగిలింది కొత్త స్టెప్నీ. దానికీ బొట్టు పెట్టమని ఎనామిల్ డబ్బా తెచ్చిస్తే అమ్మ పెట్టనంటోంది. "అయిదోదానికి ఎప్పుడో పెట్టాను. అది పని మీద ఉంది. దాని బొట్టు ఇంకోదానికి పెట్టను" అని డబ్బా మూత పెట్టేసింది. నువ్వైనా చెప్పు.

నాగూ


డిగ్లీపూర్
2 జనవరి 2006

నాగూ,

ఏడాది తిరిగిన రోజు మీ బావ నన్ను తీసుకుని ఏరియల్ బే వెళ్లారు. తనే పిలిచారు. పైకి లేచిన ఆ తెల్ల పగడాల మీద ఇద్దరం కూర్చున్నాం. సముద్రం చాలా దూరంలో, ఏమీ ఎరగనట్టు ఉంది. ఆయన దానివైపు చూస్తూ కూర్చున్నారు, ఈసారి తల తిప్పుకోలేదు. ఇదే నీళ్లు కదా సుందరీ, అక్కడివీ ఇక్కడివీ అన్నారు. అవునన్నాను.

నీ ఉత్తరం ఇప్పటికి మూడుసార్లు చదివించుకున్నారు. మాలతి కొంగుతో తుడిచిన చోట ప్రతిసారీ ఆపమంటారు. ఆ ముక్క మళ్లీ చదివించుకుని, ఇంక ముందుకి చదువు అంటారు.

నీతో పరాయివాడితో మాట్లాడినట్టు మాట్లాడినందుకు ఏమీ అనుకోకు. నువ్వు ఆ పనికిమాలిన ప్రశ్న అడక్కపోతే ఈ మనిషి నాకు ఇంకా దొరికేవాడు కాదు.

అమ్మ స్టెప్నీకి బొట్టు పెట్టనంటోందని చదివితే మీ బావకి కోపమొచ్చింది. అత్తగారి మీద ఆయన కోపగించుకోవడం ఇదే మొదటిసారి. ఆయన చెప్పమన్నది చెప్పినట్టే రాస్తున్నాను, అమ్మకి గట్టిగా చదివి వినిపించు.

"కొత్తదానికీ పెట్టమను. అది రేపు ఎవరి దగ్గరికి వెళ్లాలో మనకేం తెలుసు? బొట్టు లేకుండా ఎలా వెళ్తుంది?"

మీ కొత్త టైర్ల మీద అమ్మని తీసుకుని రా. నేల లేచిన చోటు చూపిస్తాను.

సుందరక్క